లేవడానికి వీలైన సోఫా

మా పాత సోఫాలో ఐదేళ్లపాటు అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నవి ఉతికిన బట్టలు. మడత పెట్టాల్సినవన్నీ అక్కడే గుట్టగా పడి ఉండేవి. మనుషులం మాత్రం ఏదో ఒక వంకతో దాన్ని తప్పించుకునేవాళ్లం. మా అత్తయ్య అయితే దాని పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. "నాకు ఇదే హాయి" అనేవారు. మొహమాటానికి అంటున్నారని అనుకునేదాన్ని.

ఒకరోజు చుట్టాలు వచ్చి కుర్చీలన్నీ నిండిపోవడంతో ఆవిడ సోఫాలో కూర్చోక తప్పలేదు. వాళ్లు వెళ్లేటప్పుడు లేవబోయారు. కొంచెం ముందుకు జరిగి కుడిచేయి సోఫా చేతి మీద ఆనించారు. అది దూదిలా లోపలికి దిగిపోయింది. మళ్లీ జరిగారు. మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉన్నాయి. పాదాలు వెనక్కి లాక్కుందామంటే సోఫా ముందుభాగం నేల దాకా మూసేసిన చెక్క. మడమలు దానికి తగిలి ఆగిపోయాయి. మూడోసారి టీపాయ్ అంచు పట్టుకుని లేచారు. అందరూ మాటల్లో ఉన్నారు, ఎవరూ గమనించలేదు. నేను చూశాను.

ఆ రాత్రి టేపు తీశాను. గోడకు ఆనుకుని కూర్చుని, వీపు వెనక నుంచి మోకాలి మడత వరకు కొలిస్తే నాకు 44 సెంటీమీటర్లు వచ్చింది. నా ఎత్తు 152. మా ఆయన ఎత్తు 180, ఆయనకు ఆ కొలత 52. సోఫా లోతు 62! అంటే వెనక్కి ఆనుకుంటే నా కాళ్లు ముందుకు చాచుకుని ఉండాలి. పాదాలు నేలకు ఆనించాలంటే వీపు గాలిలో ఉండాలి. ఇన్నాళ్లూ ఎటూ కాకుండా మధ్యలో జారగిలపడి, నడుం నొప్పికి నా వయసును తిట్టుకున్నాను.

ఆ తర్వాత చాలా చదివాను. స్వీడన్‌కు చెందిన ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది పంపి, అక్కడి ఒత్తిడిని కొలిచాడట. ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు అది నిలబడినప్పటి కంటే ఎక్కువగా కనిపించింది. తర్వాతి కొలతలు ఆ అంకెలతో అన్నివేళలా ఏకీభవించలేదు. అయినా వీపు ఆనించే భాగం కాస్త వెనక్కి వాలి, నడుం వంపు దగ్గర ఆసరా ఉంటే ఒత్తిడి తగ్గుతుందన్న మాట మాత్రం నిలిచింది. మా సోఫాలో సరిగ్గా ఆ వంపు దగ్గరే పెద్ద గుంట.

దుకాణానికి అత్తయ్యను కూడా తీసుకెళ్లాను. రానన్నారు. "కూర్చునేది మీరు, చూసేది నేనా?" అని కాస్త గట్టిగానే అడిగాను. అక్కడ ఆవిడ రంగుల వైపు కన్నెత్తి చూడలేదు. ఒక్కొక్క దాని మీద కూర్చోవడం, లేవడం, అంతే. నాలుగింటిని ఒక్క మాటలో తోసిపుచ్చారు: "గొయ్యి." ఐదోదాని నుంచి చేతులు వాడకుండా లేచారు. దానికింద కాళ్లు వెనక్కి జరుపుకోవడానికి ఖాళీ ఉంది. కూర్చునే ఎత్తు 46 సెంటీమీటర్లు. సోఫా చేతులు వెడల్పుగా, గట్టిగా ఉన్నాయి. లోతు 49.

ఇక్కడ ఒక పేచీ వచ్చింది. ఆవిడకు తేలిగ్గా ఉన్న ఎత్తు నాకు ఎక్కువ, పాదాలు సగం వేలాడతాయి. ఒకే సోఫా మూడు ఒళ్లకు సరిపోదు. ఎవరికి లేవడం కష్టమో వాళ్లకు సరిపడే ఎత్తు ఎంచుకుని, మిగిలినవాళ్లం సర్దుకోవాలని తీర్మానించాను. నాకు కాళ్ల కింద చిన్న పీట, నడుం వెనక ఒక దిండు. ఎక్కువైన లోతును దిండుతో తగ్గించవచ్చు, కానీ 62 లాంటి లోతును తగ్గించాలంటే దిండ్ల వరస కావాలి, అవి జారిపోతూనే ఉంటాయి.

స్పాంజి దగ్గర నేను ఇదివరకు మోసపోయాను. నొక్కి చూసి, గట్టిగా ఉంటే మంచిదనుకునేదాన్ని. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో అది సాంద్రత. తేలికపాటి స్పాంజిని కూడా గట్టిగా తయారు చేయవచ్చు, కానీ అది త్వరగా కుంగుతుంది. కొత్తదానికి 32 కిలోలకు తగ్గకూడదని పట్టుబట్టి కాగితం మీద రాయించుకున్నాను. అమ్మే కుర్రాడు ఇదేదో పరీక్ష అనుకున్నట్టున్నాడు. ఈలోగా మా ఆయన సోఫా ముందు మూల ఒకటి పట్టుకుని జానెడు ఎత్తారు. రెండో ముందు కాలు కూడా వెంటనే లేస్తే చట్రం బిగువుగా ఉన్నట్టు, నేలమీదే ఉండిపోతే చట్రం మెలికపడుతున్నట్టు. ఇది లేచింది. కుర్రాడి ముఖంలో మాత్రం రక్తం దిగిపోయింది.

తర్వాత ఇరవై నిమిషాలు అందులోనే కూర్చుని పుస్తకం చదువుకున్నాను. రెండు నిమిషాలు కూర్చుంటే ప్రతి సోఫా మంచిదే. పదిహేను దాటాకే తొడల కింద అంచు ఒరుసుకుంటుందో లేదో తెలుస్తుంది. బట్ట గురించి పెద్దగా ఆలోచించలేదు, తొడుగు తీసి ఉతుక్కోవచ్చు, అంతే చాలు. గుమ్మం వెడల్పు మాత్రం ముందే కొలిచి పెట్టుకున్నాం.

సోఫా వచ్చి నెల దాటింది. లోతు తక్కువ కాబట్టి మధ్యాహ్నం అందులో కునుకు తీయడం మా ఆయనకు కుదరడం లేదు. దానిమీద రోజూ ఒక ఫిర్యాదు వింటున్నాను. అత్తయ్య కిటికీ వైపు మూల తనదని చెప్పేశారు. మూడో రోజునే నన్ను పిలిచి, "అమ్మాయ్, ఈ టీపాయ్ కాళ్లకు అడ్డంగా ఉంది, అటు గోడ దగ్గరకు జరుపు" అన్నారు.