మందార కొమ్మలు పంచాను

జులై ఆఖర్లో మా ఆయన చేను నుంచి రెండు పత్తి ఆకులు జేబులో పెట్టుకొచ్చారు. "నీ మందారం తెగులే పత్తికి పట్టింది" అన్నారు, తప్పు నాదే అన్నట్టు.

మాది మహారాష్ట్రలోని రాజురా నుంచి తెలంగాణలోని ఆసిఫాబాద్ పోయే దారిలో ఒక ఊరు. ఇక్కడ ఆకు ముడుచుకుంటే చాలు, మరాఠీవాళ్లు చురడా-మురడా అంటారు, మేం ముడత అంటాం. పేరు ఒకటే కాబట్టి మందు కూడా ఒకటే అనుకుంటారు. ఆ రోజు నాకూ టెన్షనే. బావి దగ్గరి మందారం రెండేళ్లుగా ముడుచుకుంటోంది, పూలు చిన్నవైపోయాయి, దులిపితే తెల్లదోమ లేస్తుంది.

రాత్రి ఫోన్లో చదివాను. పత్తి ఆకుముడత వైరస్‌ను తెల్లదోమే మోస్తుందట. ఈ తెగులును 1912లోనే నైజీరియాలో చూశారు. 1967లో పాకిస్తాన్‌లోని ముల్తాన్ దగ్గర కనబడింది, 1993లో రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ పత్తిలోకి వచ్చింది, అక్కడి నుంచి హర్యానా, పంజాబ్ చేలను ముంచింది. ఒకసారి సోకాక మొక్కను బాగుచేసే మందు లేదు. అయితే విత్తనంతో రాదట, దేశీ పత్తికి అసలు అంటదట. మా మామయ్య ఆ దేశీ పత్తే వేసేవారు.

పొద్దున్నే మందారం ఆకునూ పత్తి ఆకునూ వెలుతురుకు పట్టి చూశాను. మందారం ఆకు వెనక ఈనెలు నల్లపచ్చగా ఉబ్బి ఉన్నాయి. ఒకచోట ఈనె మీదే చిన్న దొప్పలాంటి ఇంకో ఆకు మొలిచింది. ఆ వైరస్ గుర్తుగా చెప్పేది ఇదే. పత్తి ఆకు వెనక అవేమీ లేవు. ఆకు సాగిపోయి, చీలికలు సన్నబడి, కోడికాలులా ఉంది. అంచులు ఎర్రబడి కిందికి వంగితే పచ్చదోమ అనుకునేదాన్ని. అదీ కాదు.

చేనుకు వెళ్లాను. గేటు వైపు మొదటి నాలుగు సాళ్లు బాగా దెబ్బతిన్నాయి, ఆ తర్వాతవి కొంచెం, అవతలివి నిగనిగలాడుతున్నాయి. దోమ సాళ్లు లెక్కపెట్టుకుని వాలదు కదా! "పత్తికి మందు కొట్టకముందు ఆ పంపు ఎవరు వాడారు?" అని అడిగాను. మా మరిది నేల చూపులు చూశాడు. మొక్కజొన్నలో కలుపుకు 2,4-డి కొట్టి, పంపును ఒట్టి నీళ్లతో ఒకసారి తొలిపి పెట్టాడట. పత్తికి ఆ మందు వాసన తగిలినా చాలు. మొదటి ట్యాంకులో మిగిలిందంతా ఆ నాలుగు సాళ్ల మీద పడింది. మా ఆయన ఏమీ అనలేదు. మూడు వారాలకు కొత్త చిగుళ్లు మామూలుగా వచ్చాయి, కాపు మాత్రం ఆ సాళ్లలో వెనకబడింది. ఇప్పుడు కలుపు మందుకు వేరే పంపు, దాని మీద ఎర్ర రంగు.

మందారం సంగతే మిగిలింది. పత్తిలో విత్తనంతో రాదన్నారు కానీ, మందారాన్ని మనం నాటేది కొమ్మతో. కొమ్మతో పాటు వైరస్ కూడా పోతుంది. మా వీధిలో ఐదిళ్లకు కొమ్మలు ఇచ్చింది నేనే. కొట్టేద్దామంటే అత్తమ్మ శ్రావణ శుక్రవారాలు అయ్యేదాకా ఆగమంది. ఆగాం.

నిన్న పక్కింటి కాకూ గోడ మీంచి తన జాస్వంద్, అంటే మందారం, ఆకు ఒకటి చూపించి, "దీనికి పేడ ఎరువు సరిపోలేదంటావా?" అంది. ఆకు తిప్పి చూశాను. ఈనె మీద చిన్న దొప్ప.