అప్పన్న కొండ చుట్టూ ఒక రాత్రి

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం నేనూ మా వదినా విజయనగరం నుంచి బస్సులో సింహాచలం చేరాం. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయలు కొట్టి గిరిప్రదక్షిణ మొదలుపెట్టాం. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా నడుస్తానని మొక్కుకున్నాను.

మా ఆయన పనిచేసే మిల్లు మూతపడి ఏడాదిన్నర అయింది. పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకి ఇంకా 25 వేలు తక్కువ. గాజులు ఎప్పుడో తాకట్టుకి వెళ్లిపోయాయి. పోయినేడు కూడా ఇదే దారిలో నడిచి, మిల్లు తెరిపించు తండ్రీ అని అడిగాను. తెరవలేదు.

"అడిగింది కాలేదు కదే, మళ్లీ మొక్కేంటి?" అంది వదిన.

"కాలేదు కాబట్టే కదా వదినా. ఇంకెవర్ని అడుగుతాను?" అన్నాను. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక. జనంతో పాటు కాళ్లు వాటంతట అవే సాగాయి. దారి పొడవునా టెంట్లు వేసి మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర చేతిలో పెడుతున్నారు. నా పర్సులో తిరుగు ఛార్జీ కాక 60 రూపాయలున్నాయి. రాత్రంతా గడిచినా అందులోంచి ఒక్క రూపాయి తీయలేదు.

అప్పుఘర్ చేరేసరికి బాగా చీకటి పడింది. అక్కడ సముద్రస్నానం చేసి మళ్లీ నడక అందుకోవడం ఆనవాయితీ. కుడి అరికాలు బొబ్బ అప్పటికే చిట్లింది. దాని మీద ఉప్పునీళ్లు పడగానే ప్రాణం పోయినట్టయింది. ఇసుకలో కూర్చుని ఏడ్చాను. కాలి నొప్పికే కాదు, ఏడాదిన్నరగా పిల్లల ముందు ఏడవకుండా దాచుకున్నదంతా అక్కడే బయటికొచ్చింది. తండ్రీ, నాకు దారి కనబడటం లేదు, నువ్వే నడిపించు అని పైకే అన్నాను. అలల చప్పుడులో ఎవరికీ వినబడి ఉండదు.

పక్కన చీర పిండుకుంటున్న ముసలావిడ దగ్గరికొచ్చింది. "ఏటమ్మా, కాలికేటైంది?" అంటూ సంచీలోంచి పాత నూలుగుడ్డ తీసి చింపి, పాదానికి కట్టింది. "నానూ ఇలాగే ఏడిసినాను. నడు తల్లీ, అప్పన్న ఉన్నాడు" అని, పేరు అడిగేలోపే తన వాళ్లతో కలిసిపోయింది. ఆవిణ్ణి అప్పన్నే పంపాడని నా నమ్మకం. ఎవరేమన్నా ఇది నేను మార్చుకోను.

ఇసుకతోట, సీతమ్మధార దాటి మాధవధార దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. గొడుగుల్లేవు. "సింహాద్రి అప్పన్నా గోవిందా" అని ముందు ఒక గుంపు అంటే, వెనక గుంపు అందుకునేది. తడుస్తూనే ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాటాం. మా నాన్న ఓ ఏడు పంట పోయినా మొక్కు తప్పకుండా కోడెదూడని ఈ స్వామికే తోలుకొచ్చాడు. చిన్నప్పుడు నాకది అర్థం కాలేదు. ఆ రాత్రి గోశాల దగ్గర నాన్న బాగా గుర్తొచ్చాడు.

తెల్లవారాక కొండెక్కి క్యూలో నిలబడ్డాం. స్వామి నిజరూపం కనబడేది ఏడాదికి ఒక్కరోజే, అక్షయ తృతీయనాడు. మిగతా రోజులన్నీ చందనంలోనే ఉంటాడు. ఏడాదిలో నాలుగు విడతల చందన సమర్పణలో ఆషాఢ పౌర్ణమిది ఆఖరిది. మేం చూసింది ఆ చందనపు రూపమే. ముఖం కనబడకపోయినా, లోపల ఉన్నాడని తెలిసే అంతమందిమి చేతులెత్తాం. మిల్లు గురించీ, ఫీజు గురించీ మళ్లీ అడిగాను, ఏదీ దాచుకోకుండా.

ఇంటికొచ్చాక మా ఆయన వేణ్నీళ్లు కాచి, నా కాలికున్న కట్టు విప్పాడు. "గుడ్డ ఎవరిచ్చారు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన దాన్ని ఉతికి తీగమీద ఆరేశాడు. ఫీజుకి ఇంకా ఆరు రోజుల గడువుంది.