మూడో బ్యాచ్‌లో ఎలుక దొరికింది, ఇంకా పోలేదు

ఎలుకే, అంటే నిజం ఎలుక కాదు, ఎలుక కంపు లాంటి రుచి. ఇంక అనుమానం లేదు. రెండు నెలలుగా నేను ఇంట్లో కాచిన మూడో బ్యాచ్ పులుపు బీరుని పట్టి పీడిస్తున్న ఆ పాడు రుచికి నిన్న, అంటే ఆగస్టు 2 శనివారం, పేరు దొరికింది. కారణం కూడా ముప్పాతిక వంతు దొరికినట్టే. మందు మాత్రం ఒక్కటే చెప్పారు: ఆగమన్నారు. పద్నాలుగు నెలలు ఆగినవాడికి ఇంకా ఆగమని చెబితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మిగతా సంగతులు ముందే ఒక ముక్కలో చెప్పేస్తాను. ఫిల్లీ సోర్ ఈస్ట్‌తో చేసిన రాస్ప్‌బెర్రీ బీరు బాగా వచ్చింది, పది రోజుల్లో కెగ్ ఖాళీ. ఆ ఈస్ట్ తొందరపడేవాళ్లకి మంచిదే కానీ పులుపంతా ఒకే గీత మీద ఉంటుంది, రెండో గుటకకే కథ అయిపోతుంది. నాలుగో బ్యాచ్ గరాజ్‌లో నిద్రపోతోంది, పైన మీగడలా తెల్లటి పొర కట్టింది, నేను దాని జోలికి పోవడం లేదు.

ఇక మూడోది. 2024 మార్చిలో కాచాను. 19 లీటర్లు, మొదటి గ్రావిటీ (చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత) 1.048, అరవై పాళ్లు పిల్స్‌నర్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), నలభై పాళ్లు మాల్ట్ చేయని గోధుమ, హాప్స్ లెక్కకి 6 ఐబీయూ, అంటే చేదు నామమాత్రం. ఈస్ట్, బ్యాక్టీరియాలు కలిసిన వైయీస్ట్ 3763 రూసెలారే ప్యాకెట్ ఒకటి, దాంతోపాటు రష్యన్ రివర్ బ్రూవరీ వాళ్ల సప్లికేషన్ అనే పులుపు బీరు సీసాలు రెండిటి అడుగున బతికున్న ఈస్ట్‌తో మిగిలిన మడ్డి. నా లెక్కలో ఏ ప్యాకెట్ కన్నా ఆ మడ్డే గొప్పది, కాకపోతే మడ్డి కోసమని ముందు పై బీరు తాగాల్సి వస్తుంది, అదొక కష్టం. ఏడాది దాటాక 1.004 దగ్గర ఆగింది. పీహెచ్ 3.41. కార్బాయ్ (బీరు పులియబెట్టే పెద్ద గాజు జాడీ) నుంచి తీసి రుచి చూస్తే నిమ్మతొక్క, ఎండుగడ్డి, కొంచెం పచ్చి మామిడి జీడి వగరు. ఇంత మంచి బీరు నేను ఇంతకుముందు చేయలేదు.

సీసాల్లోకి పట్టింది 2025 మే 17న. అన్నీ అక్కడే జరిగాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను. 17 లీటర్ల బీరుకి 143 గ్రాముల పంచదార, గ్యాస్ మూడు వాల్యూమ్‌ల దగ్గరికి రావాలని. 750 మిల్లీలీటర్ల షాంపేన్ సీసాలు 22. మొదటి పన్నెండు సీసాలు నింపి నీలం మూతలు బిగించాక గుర్తొచ్చింది, తాజా ఈస్ట్ వేయడం మర్చిపోయానని. ఈసీ-1118 అనే వైన్ ఈస్ట్ ప్యాకెట్ లోంచి 2 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, బకెట్‌లో మిగిలిన దాంట్లో కలిపి, పెద్ద గరిటెతో నెమ్మదిగా ఓ పదిసార్లు తిప్పి, తర్వాత పది సీసాలు నింపాను. వాటికి బంగారు రంగు మూతలు. ఆఖరి మూడు సీసాలప్పుడు సైఫన్ ట్యూబు బిగింపు వదులై గాలి లాగేసింది, ట్యూబులో పూసలదండలా బుడగలు వరసకట్టాయి. ఆ మూడు మూతల మీద మార్కర్‌తో గీత పెట్టాను. అప్పటికి అది ఏదో మనశ్శాంతికి పెట్టిన గీత, ఇప్పుడు అదే నా పరిశోధన.

పదో రోజు నీలం మూత ఒకటి తీశాను. గ్యాస్ తక్కువ, రుచి బాగుంది. ఇరవై ఒకటో రోజు ఇంకోటి. మొదటి గుటక బాగుంది, మింగాక ఏదో తేడా. నలభై రెండో రోజు తీసింది మాత్రం ఘోరం. గ్లాసులో ముక్కు పెట్టి ఎంత పీల్చినా ఏమీ లేదు, శుభ్రమైన నిమ్మవాసన. మింగి పది సెకన్లు ఆగితే గొంతు వెనక నుంచి లేస్తుంది. దాన్ని ఎలా చెప్పాలో తెలీక మొదట మొక్కజొన్న అటుకుల రుచి అనుకున్నాను. మా ఆవిడ ఒక్క గుటక వేసి, గ్లాసు అక్కడ పెట్టేసి, "ఎలుకలు తిరిగిన బియ్యం బస్తా" అంది. అంతే. ఆ మాట విన్నాక నాకు ఇంకో రుచి తోచలేదు. చిన్నప్పుడు తణుకులో మా అమ్మమ్మ వాళ్లింటి వెనక గదిలో గాదె పక్కన దాక్కుంటే వచ్చే వాసన, అచ్చం అదే.

చిత్రం ఏమిటంటే అది నాకు రోజూ ఒకేలా తెలియలేదు. ఒక రోజు భరించలేనంత, ఇంకో రోజు అదే సీసాలో మిగిలింది తాగితే ఏమీ లేదు. నా నాలుక మీద నాకే నమ్మకం పోయింది. ఆ నలభై రెండో రోజే బంగారు మూత కూడా ఒకటి తీసి "ఇది ఫరవాలేదే" అనుకున్నాను కానీ అది నాలుక మొద్దుబారి అయి ఉంటుందని వదిలేశాను. తప్పు అక్కడే చేశాను.

అప్పటికి నా ఊహలు మూడు. ఒకటి, సీసాలు సరిగ్గా కడగలేదు. దాంతో ఖాళీ సీసాలన్నీ మళ్లీ స్టార్ శాన్ అనే క్రిమిసంహారకంలో ముంచి ఒక శనివారం తగలేశాను. రెండు, పద్నాలుగు నెలలు అడుగున పడున్న ఈస్ట్ చచ్చి కుళ్లింది. అలా అయితే మాడిన మాంసం, సోయాసాస్ లాంటి రుచి రావాలి, అది కాదు. మూడు, పులుపు చాలక ఇంకో సూక్ష్మజీవి చేరింది. దానికోసం పీహెచ్ కొలిస్తే మొదట 3.9 చూపించి గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే మీటరుదే తప్పు. కారుచౌక పసుపు రంగు మీటర్లు కొనకండి, కొన్నా 4.0 బఫర్‌లో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంలో) ముంచకుండా ఆ అంకె నమ్మకండి.

ఇంత టెన్షన్‌లో ఉండగా నిన్నటి రిలీజ్, అంటే కొత్త సీసాలు ఇచ్చే రోజు, వచ్చింది. కాలిఫోర్నియాలో సొనోమా కౌంటీలో ఒక చిన్న బ్రూవరీ, పులుపు బీర్లు తప్ప ఇంకేమీ చేయరు. మెంబర్లకి ఏడాదికి కొన్నిసార్లు తలుపులు తీసి, ముందుగా కేటాయించిన సీసాలు చేతికిచ్చి, పీపాల గదిలో రుచి చూపిస్తారు. మా ఫ్రీమాంట్ నుంచి రిచ్‌మండ్ బ్రిడ్జి మీదుగా గంటన్నర పైనే. మెంబరుకి ఒక అతిథిని తెచ్చుకునే హక్కుంది, మా బావమరిదిని తీసుకెళ్లాను. కారు వాడు నడపాలి కాబట్టి వాడికి అడుగున పోసి ఇవ్వమన్నాను, ముఖం మాడ్చుకున్నాడు.

నిన్న మూడు రకాలు ఇచ్చారు. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల పీపాలు కలిపి పట్టిన బ్లెండ్ ఒకటి. బ్రసెల్స్‌లో కాంటియోన్ వాళ్లు 1900 నుంచి ఉన్న బ్రూవరీలో గూజ్ అనే పులుపు బీరు కలిపే తీరు అదే, కుర్ర బీరులో మిగిలిన చక్కెర సీసాలో గ్యాస్ ఇస్తుంది, ముసలి బీరు రుచి ఇస్తుంది. రెండోది పినో నోయర్ వైన్ పీపాల్లో చెర్రీలతో. మూడోది ఆప్రికాట్. మొదటిది నోట్లో పెట్టుకోగానే మావాడు, "బావా, ఇది మన తరవాణి కదా, ఐదు డాలర్ల గ్లాసులో పోశారంతే" అన్నాడు. నవ్వాను కానీ మాట అబద్ధం కాదు. ఈత కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. ఆ పని చేసేది కూడా ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియాలే. ఇక్కడివాళ్లు దానికి పీపా, ఓపిక, మెంబర్‌షిప్ కార్డు చేర్చారు.

పీపాల గదిలో నాకు బాగా నచ్చింది మేకు. పీపా ముఖానికి చిన్న బెజ్జం, అందులో స్టెయిన్‌లెస్ స్టీల్ మేకు. పటకారుతో లాగితే సన్నటి ధార గ్లాసులోకి చిమ్ముతుంది, మళ్లీ కొట్టేస్తారు. పైన బిరడా తీసి గొట్టం దించితే లోపలికి గాలి పోతుంది, మేకుతో ఆ బాధ లేదు. రష్యన్ రివర్ విన్నీ సిలర్జో పుణ్యమా అని ఈ పద్ధతి అందరికీ అలవాటైంది. 225 లీటర్ల పీపాకే ఇంత జాగ్రత్త పడుతుంటే, నేను 19 లీటర్ల కార్బాయ్ రబ్బరు బిరడా నెలనెలా పీకి చూసినవాణ్ని.

నేను ఒక నీలం సీసా సంచిలో పెట్టుకుని వెళ్లాను. ఇలాంటి చోట్ల మెంబర్లు తెచ్చిన సీసాలు పంచుకునే బల్ల ఒకటి ఉంటుంది, అక్కడ మామూలుగా దొరకని సీసాలు పెడతారు, నేను ఎలుకని పెట్టాను. బ్లెండింగ్ చూసే ఆవిడ అటు వచ్చినప్పుడు సిగ్గు విడిచి అడిగాను. ఆవిడ వాసన చూడలేదు. ఒక గుటక మింగి, నోరు మూసుకుని, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. పన్నెండు సెకన్లు. తర్వాత తల ఊపి, రెండు చుక్కలు నా అరచేతిలో పోసి, వేళ్లతో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకోమంది. గాదె పక్కన గది! గ్లాసులో రాని వాసన చర్మం మీద గుప్పుమంది.

ఆవిడ చెప్పింది, నాకు అర్థమైనంత వరకు ఇది. దీన్ని టీహెచ్‌పీ అంటారు, పూర్తి పేరు టెట్రాహైడ్రోపిరిడిన్. బ్రెట్ (బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్), కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియాలు లైసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారు చేస్తాయి, ఆల్కహాల్ ఉండాలి, ఆక్సిజన్ తగిలితే ఎక్కువ చేస్తాయి. బీరు పుల్లగా ఉన్నంతసేపు అది గాలిలోకి లేవదు, అందుకే గ్లాసులో వాసన లేదు. మింగాక ఉమ్మి పులుపుని తగ్గిస్తుంది, అప్పుడు లేస్తుంది. ఉమ్మి ఒక్కొక్కరికి ఒక్కోలా, పూటకొకలా ఉంటుంది కాబట్టి కొందరికి అసలు తెలియదు, నాలాంటి వాళ్లకి రోజు విడిచి రోజు తెలుస్తుంది. అంటే మా ఆవిడ నోరు నా నోటికన్నా మంచి పరికరం, ఈ సంగతి ఇంట్లో నేను ఇంకా ఒప్పుకోలేదు. నిన్నటి ఆప్రికాట్ సీసాలు కూడా ఇదే ఎలుక పట్టి ఐదు నెలలు ఆలస్యమయ్యాయట. ఏం చేశారని అడిగితే, వెచ్చటి గదిలో పెట్టి మర్చిపోయామంది.

ఇవాళ పొద్దున, డెబ్బై ఎనిమిదో రోజు, ఇంట్లో పరీక్ష. మూడు రకాల మూతలూ ఒక్కొక్కటి తీయించాను. మా ఆవిడ గ్లాసుల కింద అంకెలు వేసి పోసింది, ఏది ఏదో నాకు తెలియదు. గుటకకీ గుటకకీ మధ్య గ్లాసు నీళ్లలో పావు చెంచా వంట సోడా వేసి పుక్కిలించాను, నోరు ఎప్పుడూ ఒకే స్థితిలో ఉండాలని. రుచి దరిద్రం, పని మాత్రం చేసింది. నీలం మూత, అంటే ఈస్ట్ వేయనిది: ఎనిమిది సెకన్లకి ఎలుక, నిమిషంన్నర దాటినా పోలేదు. బంగారు మూత: ఇరవై సెకన్లకి లీలగా, తెలిసినవాడు వెతికితేనే. గీత పెట్టిన బంగారు మూత, బుడగలు లాగినది: పన్నెండు సెకన్లకి, గట్టిగానే. పీహెచ్ మూడిటికీ 3.40, 3.41 మధ్య. అంటే మూడు సీసాల మధ్య తేడాకి కారణం పులుపు కాదు.

నా ఊహ ఇది. సీసా నింపేటప్పుడు దూరిన గాలిని తాజా ఈస్ట్ గబగబా తినేసింది, బ్రెట్‌కి మిగల్చలేదు. గరిటె తిప్పిన సీసాలు తిప్పనివాటికన్నా బాగుండటానికి నాకు ఇంకో కారణం తోచడం లేదు, ఎందుకంటే గరిటెతో గాలి ఎక్కువే కలిసి ఉంటుంది. గీత సీసాల్లో ఈస్ట్ ఉన్నా గాలి దాని చేతకానంత. ఒక్కో రకం ఒక్కో సీసాతో తేల్చేసే విషయం కాదు, తెలుసు. కానీ సోడా లేకుండా మా ఆవిడ పెట్టిన వరస కూడా ఇదే.

ఇంకా పద్నాలుగు సీసాలున్నాయి: నీలం ఏడు, బంగారం ఐదు, గీతవి రెండు. గరాజ్ లోంచి తీసి ఇంట్లో అలమరలో, 24 డిగ్రీల దగ్గర పెట్టాను. అక్టోబర్ మొదటి వారం దాకా ముట్టను. ముట్టనని మా ఆవిడ చేత తాళం వేయించాను.

నాలుగో బ్యాచ్‌లో సగం, పది లీటర్లు, ఆప్రికాట్ మీదకి పోతుంది. జూలైలో దొరికిన బ్లెన్‌హైమ్ పళ్లు రెండు కిలోలు గింజలు తీసి ఫ్రీజర్‌లో పెట్టాను, లీటరుకి 200 గ్రాములు. సీసా పట్టేనాడు ఈస్ట్ ముందే నానుతుంది, బకెట్ ముందే కార్బన్ డయాక్సైడ్‌తో నిండుతుంది, సైఫన్ ట్యూబు కొత్తది కొన్నాను, బిగింపులు రెండు. మిగిలిన సగం మీద మావాడి మాట పనిచేస్తోంది. మా అమ్మమ్మ తరవాణి కుండ ఎప్పుడూ ఖాళీ చేసేది కాదు, తీసినంత మళ్లీ పోసేది. ఇక్కడ సొలేరా అంటారు. తొమ్మిది లీటర్లలో ఏడాదికి మూడు తీసి మూడు పోస్తే ఎలా ఉంటుంది? కానీ తీసిన ప్రతిసారీ గాలి పోతుంది కదా, అదొక్కటే పీకుతోంది. గాజు కార్బాయ్‌కి మేకు కొట్టలేను. అడుగున కుళాయి ఉన్న స్టీలు పాత్ర ఒకటి చూశాను, ధర చూసి మూసేశాను, మళ్లీ ఇందాక తెరిచాను.