ఆరో హైబ్యాక్, ఒక పేటెంటు

స్నోబోర్డు కోసం బిగువు మార్చుకోగలిగే హైబ్యాక్‌ను 3డి ప్రింటరులో ముద్రించి తయారు చేస్తున్నాను. నిన్న రాత్రి దాని ఆరో నమూనాను బల్లకు బిగించి, పై అంచుకు 5 కిలోల తూకపురాయి వేలాడదీశాను. స్లైడర్ కింద ఉన్నప్పుడు పలక 22 మిల్లీమీటర్లు వంగింది, పైకి జరిపితే 13. మార్చి నుంచి పడుతున్న పాటంతా ఈ తేడా కోసమే.

బూటును స్నోబోర్డుకు పట్టి ఉంచే బైండింగులో పిక్క వెనుక నిలబడే పలకే హైబ్యాక్. మడమ వైపు మలుపు తిరిగేటప్పుడు కాలు దాని మీద వాలుతుంది. పలక గట్టిదైతే బోర్డు వెంటనే మాట వింటుంది, మెత్తనిదైతే కాలు స్వేచ్ఛగా కదులుతుంది. గుల్‌మార్గ్‌లో పొద్దుటి గట్టి మంచుకు ఒకటి, మధ్యాహ్నపు మెత్తని మంచుకు మరొకటి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో!

పలక మధ్య గాడిలో రాణిగంజ్‌లో కొన్న 3 మిల్లీమీటర్ల ఫైబర్‌గ్లాస్ పట్టీ ఉంది. దాన్ని పట్టి ఉంచే బిగింపే స్లైడర్. దాన్ని పైకి జరిపితే పట్టీ వంగే పొడవు 18 సెంటీమీటర్ల నుంచి 14కు తగ్గుతుంది. బిగువు ఆ పొడవు ఘనానికి విలోమంగా పెరుగుతుంది కాబట్టి రెట్టింపు దాటాలి. నాకు 1.7 రెట్లే వచ్చింది. పట్టీతో పాటు అడుగున ఉన్న నైలాన్ కూడా వంగుతోంది. వానాకాలంలో, ప్రింటరుకు అందించే ఆ నైలాన్ తీగ తేమ పీల్చి ముద్రణంతా బుడగలు వచ్చాయి. 70 డిగ్రీల దగ్గర 12 గంటలు ఆరబెట్టాకే దారికొచ్చింది.

మూడో నమూనాకు స్లైడర్ బదులు కామ్ మీట, అంటే తిప్పితే నొక్కి బిగించే వంకర చక్రమున్న మీట, ఉండేది. ఇంచుమించు అదే బొమ్మ ఒక అమెరికా పేటెంటులో కనబడేసరికి గుండె జారిపోయింది. పేటెంటు ఏజెంటుగా పనిచేసే మా పెదనాన్నగారి అబ్బాయికి చూపించాను.

"బొమ్మలు చూసి బెదిరిపోకురా, క్లెయిములు చదువు" అన్నాడు అన్నయ్య.

పేటెంటు హక్కు దేని మీదో చెప్పే వాక్యాలే క్లెయిములు. వాటిలో ఇంకో క్లెయిము మీద ఆధారపడకుండా నిలిచే స్వతంత్ర క్లెయిములోని ప్రతి అంశమూ మన వస్తువులో ఉంటేనే అక్షరాలా ఉల్లంఘన. ఒక్కటి లేకపోయినా వాదన మారిపోతుంది. పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ చదివాను, నా మీటలో అన్నీ ఉన్నాయి. అమెరికా పేటెంటు ఇక్కడ చెల్లదు. కేవలం ప్రయోగం కోసం చేసుకోవడానికి మన 1970 పేటెంట్ల చట్టం 47వ సెక్షన్ కూడా వీలిస్తుంది. అయినా వదిలేశాను. ఈ కొలతలు తీసుకుని ఏ దేశంలోనైనా ఎవరైనా నిశ్చింతగా చేసుకోవాలని నా కోరిక. అందుకే దాఖలై 20 ఏళ్లు దాటి గడువు తీరిన పత్రాలు తిరగేసి, జారుడు బిగింపు ఆలోచన వాటి నుంచే తీసుకున్నాను.

రాత్రంతా ఫ్రీజరులో ఉంచి తీస్తే స్లైడర్ కదలలేదు. గాడిలో చేరిన తేమ గడ్డకట్టింది. గాడిలో ఖాళీని 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లకు పెంచి ఏడోదాన్ని ముద్రణకు పెట్టాను. ఇంకా తొమ్మిది గంటలు పడుతుంది.