ఫోన్ తెర దాటి గోడ మీదకి

నెట్‌లో పెట్టిన మన ఫొటో, బొమ్మ లైకుల దశ దాటి "ప్రింట్ ఇస్తారా?" అని అడిగేదాకా వచ్చాకే అసలు పరీక్ష. తెర మీద మెరిసిన బొమ్మ కాగితం మీద నల్లబడిపోతుంది. పాపం ప్రింటర్‌ని తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు మన మానిటర్ మరీ ఎక్కువ వెలుతురుదే. దాన్ని 100 నిట్ల (తెర వెలుతురుని కొలిచే యూనిట్) దగ్గరికి దించి ఎడిట్ చేస్తే సగం గొడవ తీరుతుంది.

ఇక ప్రింట్ సైజు లెక్క. 24 మెగాపిక్సెల్ ఫొటో అంటే 6000×4000. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 20 అంగుళాల వెడల్పు. వెడల్పు సగానికి క్రాప్ చేశారా, 10కి పడిపోయినట్టే. డిజిటల్ పెయింటింగ్‌ది ఇంకా కష్టం: 1080 పిక్సెళ్ల కాన్వాస్ మీద మొదలెడితే దక్కేది 3.6 అంగుళాలే! తర్వాత సాగదీస్తే గీతల అంచులు మసకేస్తాయి.

ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతోందా? రంగుల మెట్లు తక్కువుండే 8 బిట్ ఫైలుని ఎడిటింగ్‌లో మరీ లాగారన్నమాట. ఎడిటింగ్ మెట్లు ఎక్కువుండే 16 బిట్‌లో చేయండి, నెట్‌లో పెట్టే కాపీ మాత్రం ఎస్‌ఆర్‌జీబీలో (నెట్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణం).