ఒక బిళ్ళకు 504 బిళ్ళలు

గొలుసు కొక్కెం పెట్టుకుంటుంటే వేలికి తగిలింది. మెడకు కుడివైపు, చెవి కింద కాస్త వెనుకగా, నానిన శనగగింజంత. నొప్పి లేదు. పుచ్చిన పన్ను ఒకటి ఉంది కదా, దాని వల్ల బిళ్ళ కట్టి ఉంటుందిలే అని ఊరుకున్నాను. 2024 ఆగస్టులో శనగగింజ, దసరా సెలవులకు ఉసిరికాయ అయింది. పక్కన ఇంకొకటి లేచింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతూ కునుకు తీసేదాన్ని.

మొదట చూపించుకున్న చోట రెండుసార్లు యాంటీబయాటిక్ మందులు రాసి పంపేశారు. రెండో ఆస్పత్రిలో సూది పరీక్ష చేశారు. సన్నని సూదిని గడ్డలో గుచ్చి, బయటికి తీయకుండానే ముందుకూ వెనక్కూ నాలుగైదుసార్లు కదిపారు. గాజు పలక మీద పడింది రక్తం కాదు, తెల్లగా, పొడిపొడిగా ఉంది. “జున్నులాగా వచ్చింది” అన్నారు డాక్టరమ్మ, పక్కనున్న అమ్మాయితో. నాకు వినిపించాలని అన్నది కాదు. అప్పటిదాకా జున్నంటే నాకు ప్రాణం.

రిపోర్టులో ‘గ్రాన్యులోమా’ అన్న మాట కనిపించింది. చివర ‘ఓమా’ ఉంటే క్యాన్సరేనని ఎవరో చెప్పగా విన్నాను. ఆ రాత్రి మా వారిని కూడా నిద్రపోనివ్వలేదు.

“ఇది జబ్బు పేరు కాదమ్మా” అన్నారు మర్నాడు డాక్టరమ్మ. “పెరట్లో పాము దూరింది, చంపడం చేతకాలేదు. మీ కణాలన్నీ చేరి దాని చుట్టూ దడి కట్టాయి. ఆ దడే ఈ గడ్డ. దూరింది ఏ పాము అన్నది ఇంకా తేలాలి.” నేను నమ్మనట్లు చూశానేమో, సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టారు. ఊదారంగు మచ్చల మధ్య ఒక పెద్ద కణం. కొన్ని కణాలు కలిసిపోయి అలా ఒకటే అవుతాయట. వాటి కేంద్రకాలు అంచున గుర్రపు లాడంలా వంపు తిరిగి ఉన్నాయి. నా ఒంట్లో ఇంత పని జరుగుతుంటే నేను పంటిని అనుమానిస్తూ కూర్చున్నాను.

తరువాత ప్రశ్నలు. ఇంట్లో పిల్లి ఉందా, గీరిందా? పాడి ఉందా, పచ్చిపాలు తాగుతారా, గేదెలేవైనా నెలలు నిండకుండా ఈనాయా? చర్మం మీద స్పర్శ లేని మచ్చలున్నాయా? పిల్లి గీరుడు జ్వరం, బ్రూసెల్లా, కుష్ఠు, కొన్ని రకాల బూజులు కూడా ఇలాంటి దడే కట్టిస్తాయట. మన దేశంలో ముందుగా అనుమానించేది మాత్రం క్షయనే. రంగు వేసి చూస్తే క్రిములు కనబడలేదు. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ పరీక్షలో దొరికాయి, క్షయే. క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పేరు తెలిశాక విచిత్రంగా ఆకలి వేసింది.

ఆరు నెలల మందు. నా బరువు 48 కిలోలు కాబట్టి రోజుకు మూడు బిళ్ళలు, 28 రోజుల నెల లెక్కన 168 రోజులు. మొత్తం 504. పాఠం చెప్పేదాన్ని, ఆ గుణకారం చేయకుండా ఉండలేకపోయాను.

అత్తయ్యకు చెప్పకూడదనుకున్నాను. బట్టలు మడతపెడుతూ ఆవిడే అడిగారు, “తెల్ల రవికె చంకల్లో ఈ నారింజ మరక ఏమిటమ్మా?” రిఫాంపిసిన్ చెమటకూ రంగు పూస్తుంది. చెప్పక తప్పలేదు. “గండమాలా!” అన్నారు. మెడ బిళ్ళల క్షయకు పాత పేరు. ఆవిడ పిన్నికి చిన్నప్పుడు మెడ మీద వాతలు పెట్టారట. మూడు రోజులు నా గ్లాసు వేరే గూట్లో ఉంది. ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో తెలిసినా కోపం ఆగలేదు. మెడలోని క్షయ గ్లాసు వల్ల అంటుకోదని డాక్టరమ్మ ఫోనులో చెప్పాక, నాలుగో రోజు గ్లాసు మళ్ళీ అందరి గ్లాసుల్లోకి వచ్చింది. దాని గురించి ఆవిడా మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

అసలు భయపెట్టింది రెండో నెల. మోకాళ్ళ నొప్పులు సరే, గడ్డ తగ్గకపోగా నిమ్మకాయంత అయి ఎర్రబడింది. మందు పనిచేయడం లేదని ఏడ్చాను. చచ్చిన క్రిముల తునకల మీద ఒళ్ళు తిరగబడితే ఒక్కోసారి ఇలా అవుతుందట. మళ్ళీ పరీక్షించి, చీము లాగి, అవే బిళ్ళలు కొనసాగించమన్నారు. ఆ వారం మానేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు. ఆ మందుల్లో ఒకటైన ఇథాంబుటాల్ కంటిచూపును, ఎరుపు ఆకుపచ్చల తేడాను దెబ్బతీయవచ్చని ముందే హెచ్చరించారు. పేపర్లు దిద్దే ఎర్ర సిరాను రోజూ ఒకసారి అనుమానంగా చూసేదాన్ని.

క్షయ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు ఆ నవంబరు నుంచే నెలకు 500 నుంచి 1000 రూపాయలు అయింది. గుడ్లకు ఖర్చుపెట్టాను.

ఇప్పుడు అక్కడ పెసరగింజంత మిగిలింది. అలా ఉండిపోవచ్చట. మొన్న పొరుగింటి గేదె ఈనిందని జున్నుపాలు పంపారు. అత్తయ్య బెల్లం, మిరియాలు వేసి వండారు. గిన్నె ముందు పెట్టుకుని కాసేపు చూశాను. తరువాత నా ముక్క మా అమ్మాయి కంచంలో వేశాను.