రోజుకో గ్రాము

పొద్దున లేవగానే వెయింగ్ మెషీన్ ఎక్కాను. మొన్నటికంటే 900 గ్రాములు ఎక్కువ చూపించింది. రెండు రోజుల్లో అంత కొవ్వు పట్టదని తెలుసు. ఉప్పు కాస్త ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి బరువు అటూ ఇటూ అవుతుంది. ఇంత తెలిసీ మనసు చివుక్కుమంది. ఆ టెన్షన్‌లో ఏమీ తినకుండానే ఆఫీసుకు వెళ్లిపోయాను.

పదకొండింటికి ఆకలి ఆగలేదు. సొరుగులో ఉన్న బిస్కెట్ ప్యాకెట్ తీసి, కంప్యూటర్ చూస్తూ మొత్తం తినేశాను. ఎప్పుడు అయిపోయిందో కూడా తెలియలేదు. ఇదివరకైతే నోరు కట్టుకోలేకపోయానని రాత్రిదాకా బాధపడేదాన్ని. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం ప్రచురించిన ప్రయోగం గురించి చదివాక ఆ నింద నా మీద వేసుకోవడం మానేశాను. పదిమంది ఆడవాళ్లు, పదిమంది మగవాళ్లు. రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలు పదార్థాలతో వండిన తిండి. ముందు పెట్టిన భోజనాల్లో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, సగటున 0.9 కిలో పెరిగారు. రెండో తిండితో అంతే తగ్గారు. మనుషులు వాళ్లే, మారింది తిండి రకం.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. తనకు ముట్లు ఆగిపోయి రెండేళ్లయింది. "తినేది ఏమీ పెంచలేదే, అయినా నడుము దగ్గర బట్టలు బిగుతైపోతున్నాయి" అంది. గొంతులో దిగులు వినిపించింది. ముట్లు ఆగి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గాక కొవ్వు పొట్ట దగ్గర చేరడం ఎక్కువవుతుందని, అందులో తన తప్పేమీ లేదని చెప్పాను.

"అయితే ఇక ఏం తిన్నా ఒకటేనా?"

కాదక్కా అన్నాను. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ఉంది. 1,20,877 మందిని ఏళ్ల తరబడి గమనించారు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, నర్సులు. ప్రతి నాలుగేళ్లకు సగటున కిలోన్నర పెరిగారు. చిప్స్, తీపి పానీయాలు పెంచుకున్నవాళ్లు ఎక్కువ పెరిగారు. కూరగాయలు, పళ్లు, బాదంలాంటి గింజలు, పెరుగు పెంచుకున్నవాళ్లు తక్కువ పెరిగారు. అది ప్రయోగం కాదు కాబట్టి కారణమంతా తిండేనని అనలేం. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ కిలోన్నర. లెక్కేస్తే రోజుకు ఒక్క గ్రాము! ఏ వెయింగ్ మెషీన్‌కు అందుతుంది అది? నేనేమో పొద్దున 900 గ్రాముల నీటికి భయపడి తిండి మానేశాను.

"బరువు సంగతి వదిలెయ్ అక్కా, ఇవాళ ఏం తిన్నావో చెప్పు" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "మూడుసార్లు టీ. మధ్యాహ్నం మిగిలిన బ్రెడ్డు. పిల్లలు వదిలేసిన చిప్స్ పారెయ్యడం ఎందుకని..." అని ఆగింది.

"పళ్లు?"

"కోశానే. వాళ్ల ముగ్గురికీ పెట్టాను."